ఇంజను వెనక పైపు

సోమమ్మను చంపింది ఆమె కొడుకు జైపాల్.

ఈ మాట లింగం రెండేళ్ల నాలుగు నెలలుగా అంటున్నాడు. మొదట ఏడుస్తూ అన్నాడు. తర్వాత పళ్లు కొరుకుతూ అన్నాడు. ఇప్పుడు ఎవరడిగినా ఇంటి నంబరు చెప్పినట్టు చెబుతాడు. గుమ్మడిదల చుట్టుపక్కల ఆయనను ఎరిగిన వాళ్లందరికీ ఆ మాట తెలుసు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. భార్య పోయిన మనిషితో ఏం వాదిస్తారు?

జైపాల్ కార్ల మెకానిక్కు. కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఉంటూ, పటాన్‌చెరు రోడ్డు మీద ఒక షెడ్డులో పనిచేస్తాడు. ఆ ఏడు ఉగాదికి వచ్చి తండ్రి పాత డీజిలు కారుకు ముందరి రబ్బరు గొట్టాలు మార్చి, క్లిప్పులు బిగించి పోయాడు. రెండు నెలలు తిరగలేదు. ఒక మధ్యాహ్నం సోమమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. లింగం ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి పటాన్‌చెరు ఆసుపత్రికి బయలుదేరాడు. జిన్నారం దాటాక బానెట్టు కింది నుంచి ఆవిరి లేచింది. ఇంజను ఆగిపోయింది. నడి ఎండలో, కంకర లారీల దుమ్ములో, ఆ వెనక సీట్లోనే సోమమ్మ ప్రాణం పోయింది.

శ్మశానంలో జైపాల్ కొరివి అందుకోబోతే లింగం వాడి చెయ్యి తోసేశాడు. "చంపిన చేత్తోనే నిప్పు పెడ్తవారా?" అన్నాడు, అందరి ముందు. కొరివి తానే పెట్టాడు. ఆ తర్వాత రెండు పెత్రమాసలు వచ్చాయి. పోయినవాళ్ల పేరు మీద కొడుకులు అయ్యవారికి బియ్యం ఇచ్చే అమావాస్య అది. రెండుసార్లూ జైపాల్ వచ్చాడు. రెండుసార్లూ గేటు బయట నిలబడి, లోపల తండ్రి బియ్యం ఇస్తుంటే చూసి పోయాడు.

కారును లింగం అమ్మలేదు, బాగు చేయించలేదు. ఇంటి పక్క రేకుల కొట్టంలో టార్పాలిన్ కప్పి ఉంచాడు. చుట్టాలు వస్తే టార్పాలిన్ ఎత్తి చూపించేవాడు. "ఇగో, ఇదే" అనేవాడు.

ఆ ఆదివారం పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నీళ్ల క్యాన్ల ఆటో అప్పుడే వచ్చి పోయింది. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికి తప్ప పనికిరాక చాలా కాలమైంది. అక్క నర్సింహమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. ఆమె భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి వండిపెడుతోంది. డెబ్బయ్యేళ్లు. నోరు మాత్రం ముసలిది కాలేదు.

"చాయ్ సల్లారుతున్నది. తాగుతవా, పారబొయ్యాల్నా?"

"పారబొయ్యి."

"పారబొయ్యమనుడు అల్కగుంటది. పాల పాకెటుకు పోయింది నేను, నువ్వు కాదు."

లింగం చాయ్ అందుకున్నాడు. అప్పుడే గేటు ముందు బండి ఆగింది. జైపాల్ దిగాడు. వెనక నుంచి వాడి భార్య తనుశ్రీ దిగింది. ఆమె ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోతుంది. ఆదివారం ఒక్కటే సెలవు.

"నాయినా, మంచిగున్నవా?" అన్నాడు జైపాల్ గేటు దగ్గరే నిలబడి.

లింగం పేపరు తిప్పాడు. "అక్కా, ఎవలో వచ్చినట్టున్నరు. ఏం కావాల్నో అడుగు."

"నీ కొడుకు వచ్చిండు. నీకు నోరు లేదా?" అంది నర్సింహమ్మ. "రా బిడ్డా, లోపలికి రా. ఎండల నిలబడ్డవేంది?"

జైపాల్ లోపలికి వచ్చాడు గానీ అరుగు ఎక్కలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ల మనిషి. గోళ్ల చుట్టూ ఎంత తోమినా పోని నల్లటి గ్రీజు.

"బుధవారం పెత్రమాస నాయినా. ఈసారి అమ్మ పేరు మీద బియ్యం నేనిస్త."

లింగం తల ఎత్తలేదు.

"రెండేండ్లు బయట నిలబడ్డ. మూడోసారి నిలబడ. అమ్మ నాకు గూడ అమ్మనే గద."

"అక్కా," అన్నాడు లింగం, "బియ్యమిస్తడట. ఇయ్యనీ. నేను వద్దంటలేను. కనీ ముందుగాల కారు విప్పిద్దాం. మన ఐలన్నను పిలుద్దాం. ఇంజను విప్పి, ఏడ పోయిందో, ఎవని చెయ్యి పడ్డకాడ పోయిందో సూద్దాం. వాని తప్పు లేదని తేలితే బియ్యం వాడే ఇస్తడు. ఉన్నదని తేలితే గీ గేటు మల్ల తొక్కొద్దు. ఈ జన్మల తొక్కొద్దు."

ఐలన్నకు గుమ్మడిదల చౌరస్తాలో మెకానిక్ షెడ్డు ఉంది. పని వచ్చినవాడు. నోరు నిలవనివాడు. పొద్దున చూసింది సాయంత్రానికి నాలుగు ఊళ్లకు చేరవేస్తాడు. లింగం ఆయన పేరు ఎందుకు ఎత్తాడో అందరికీ అర్థమైంది.

జైపాల్ కట్టుకున్న చేతులు విప్పాడు. "కారు జోలికి పోవద్దు నాయినా."

"ఏమాయెనట అక్కా?"

"వద్దంటున్న. నువ్వు తిట్టినా పడ్త. కారు మాత్రం విప్పియ్యకు."

లింగం నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఇన్నవా అక్కా? దొంగ దొరికిండు."

"విప్పనీ," అంది తనుశ్రీ.

"తనూ, నువ్వు ఊకో."

"ఊకున్న. రెండేండ్లు ఊకున్న. పెండ్లిళ్లకు పోతే నన్ను జూసి గుసగుస. 'అత్తను సంపినోని పెండ్లాం' అని. విప్పనీ మామా. రేపే విప్పియ్యి. నేను డ్యూటీ బందు పెట్టుకొని వస్త."

జైపాల్ బండి తిప్పుకున్నాడు. ఆ రోజంతా లింగం ఉత్సాహంగా ఉన్నాడు. రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

సోమవారం తొమ్మిదింటికి ఐలన్న పానాల సంచీతో వచ్చాడు. కారును కొట్టం నుంచి తోసి వాకిట్లోకి తెచ్చారు. జైపాల్ తోయడానికి చెయ్యి వేయబోతే "నువ్వు ముట్టకు" అన్నాడు లింగం. జైపాల్ పోయి గోడ దగ్గర కూర్చున్నాడు. తనుశ్రీ వాడి పక్కనే నిలబడింది.

"చెయ్యి తుడుసుకోను పాత బట్ట ఉంటే ఇయ్యి పెద్దక్కా," అన్నాడు ఐలన్న.

నర్సింహమ్మ లోపలికి పోయి ఒక పాత ఆకుపచ్చ నూలు చీర తెచ్చింది. కింది కొంగు మీద, కుచ్చిళ్ల మీద ఆవగింజలంత, శనగగింజలంత చిల్లులు.

"అది సోమమ్మది," అన్నాడు లింగం.

"నాకెరుకనే. గిన్ని చిల్లులున్నయ్, దేనికి పనికొస్తది?"

"లోపల పెట్టు. వానికి ఏరే బట్ట ఇయ్యి."

తనుశ్రీ ముందుకు వచ్చి చీర అందుకుంది. లోపల పెట్టలేదు. మడిచి చేతిలో పట్టుకుని మళ్లీ గోడ దగ్గరికి పోయింది.

ఐలన్న బానెట్టు ఎత్తాడు. ముందరి రబ్బరు గొట్టాలు నొక్కి చూశాడు. క్లిప్పులను వేలితో తిప్పి చూశాడు. "లింగన్నా, ఇయ్యి మంచిగనే ఉన్నయ్. క్లిప్పు కదులుతలేదు. రబ్బరు గూడ కొత్తదాని లెక్కనే ఉన్నది. ఈ పనిల వంక పెట్టేదేం లేదు."

"ఇంకా విప్పు."

"ఇగ ఎనక సూడాలె. హీటరు పైపులు. ఇంజను ఎనకంగ రెండు ఇనుప పైపులు పోతయ్, బొటనవేలంత లావు. డాష్‌బోర్డుల హీటరుకు వేడి నీళ్లు అవ్వే తీస్కపోతయ్. మన దిక్కు హీటరు ఎవడేసుకుంటడు? ఏసుకోకున్నా నీళ్లు మాత్రం అండ్లకెళ్లి తిరుగుతనే ఉంటయ్. అవ్వి కారితే పైకి కనపడది. వేడి ఇంజను మీద పడి ఆవిరైపోతది. కింద సుక్క గూడ ఉండది. కనీ వాటి కాడికి పోవాల్నంటే పైనున్న మానిఫోల్డు, ఇంజనుకు గాలి పోయే గొట్టాల దిమ్మె, ఇప్పాలె. దినం పని."

"దినం పట్టనీ. ఇప్పు."

ఆ పైపుల మాట లింగం ఇంతకు ముందు విన్నాడు. ఉగాది నాడు జైపాల్ అదే అన్నాడు. "ముంగటి గొట్టాలు మార్చిన నాయినా. ఎనక హీటరు పైపులు గూడ మార్చాలె. ఇరవై ఏండ్ల నాటియి. నువ్వు బోరు నీళ్లు పోసి పోసి లోపల పొలుసు కట్టినయ్. రెండు దినాలు కారు నాకు ఒదిలిపెట్టు." అప్పుడు లింగం నవ్వాడు. "నేను ఇరవై ఎనిమిదేండ్ల సంది పైపులే బిగిస్తున్న. నువ్వు నాకు పైపుల గురించి చెప్తవా?" అన్నాడు.

అది అబద్ధం కాదు. సోమమ్మ పోయేదాకా జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో ఆయన పైపు ఫిట్టరు. బాయిలరు గొట్టాల్లో పొలుసు కడితే యాసిడ్ తిప్పి కడిగించేది ఆయనే. ఎంత కలపాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో, తర్వాత సోడా నీళ్లతో ఎన్నిసార్లు కడగాలో ఆయనకు నోటికి వచ్చు. ఆయన ఉన్నంతకాలం ఆ పనికి ఇంకొకరిని రానివ్వలేదు.

మధ్యాహ్నం రెండింటికి మానిఫోల్డు బయటికి వచ్చింది. ఐలన్న టార్చి పెట్టి లోపలికి వంగాడు. చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయన అలవాటు కాదు.

"దొరికింది," అన్నాడు చివరికి.

ప్లయరుతో పైపును పట్టుకుని లాగాడు. అది లాగగానే రాలేదు. అప్పడంలా విరిగింది. సగం చేతికి వచ్చింది. సగం ఇంజను రంధ్రంలోనే ఉండిపోయింది. ఐలన్న విరిగిన ముక్కను ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"గిదేందో నాకు సమజైతలేదు లింగన్నా. పైన రంగు గూడ పోలే. తుప్పంత లోపల్నే. సూడు, పైపంత జల్లెడ లెక్క అయింది. బోరు నీళ్లు ఎంత పాడువైనా గిట్ల తినయ్. గిండ్ల ఏందో పడ్డది. యాసిడ్ లాంటిది పడ్తెనే గిట్లయితది."

లింగం చెయ్యి చాచాడు. పైపు ముక్కను తీసుకుని చూపుడువేలు లోపలికి పెట్టాడు.

ఆ గరుకు ఆయన వేలికి తెలుసు. కంపెనీలో ఒకసారి ఒక కాంట్రాక్టు మనిషి, ఒడిశా నుంచి వచ్చినవాడు, యాసిడ్ తిప్పిన లైను కడగకుండా షిఫ్టు దిగి పోయాడు. పొద్దుటికి గొట్టం లోపల ఇట్లాగే తయారైంది. లింగం ఆ గొట్టాన్ని మేనేజరు బల్ల మీద పెట్టాడు. అతడు కాళ్లు పట్టుకున్నా వదల్లేదు. ఆ సాయంత్రమే అతన్ని గేటు బయటికి పంపించాడు. ఈ తప్పుకు క్షమాపణ లేదని నలుగురి ముందు చెప్పాడు.

వేలు పైపులోనే ఉంది. లింగం తీయలేదు.

"యాసిడ్ ఎవడు పోసిండబ్బా?" అన్నాడు ఐలన్న. "జైపాలూ, నువ్వేమన్న...?"

జైపాల్ లేచి నిలబడ్డాడు. "పైపు పాతదై పోయిందన్నా. అంతే. గట్లనే చెప్పు, ఎవలడిగినా."

"పాతదై పోలే," అంది తనుశ్రీ.

"తనూ."

"నువ్వు జెర సేపు మాట్లాడకు." ఆమె వచ్చి చీర విప్పి బానెట్టు మీద పరిచింది. "మామా, ఈ చిల్లులు ఎక్కడియి?"

లింగం చీర వైపు చూశాడు.

"నీకు యాది లేకుంటే నేను చెప్త. ఉగాదైన పదిదినాలకు కంపెనీకెళ్లి యాసిడ్ డబ్బ తెచ్చినవ్. బాయిలర్లు గిట్లనే కడుగుతం, కొడుకు చెప్పినట్టు రెండు దినాలెందుకు, అరగంట చాలన్నవ్. అత్తమ్మ గరాటు పట్టుకున్నది. నువ్వు పోసినవ్. సుక్కలు చీర మీద చిల్లినయ్. అరగంటల తీసేద్దామంటివి. గంతల్నే కంపెనీకెళ్లి ఫోనొచ్చింది. ఏదో బ్రేక్‌డౌన్ అని పోయినవ్. పోయినోడివి డబుల్ డ్యూటీ చేసి తెల్లారి వచ్చినవ్. అత్తమ్మ ఫోన్ చేసి 'నేను తీసెయ్యాల్నా' అంటే, 'ముట్టకు, నీకేం తెలుసు' అన్నవ్. రాత్రంత యాసిడ్ దాంట్లనే ఉన్నది."

బొల్లారం కంపెనీల వైపు నుంచి ఎప్పుడూ వచ్చే ఘాటు వాసన వస్తోంది.

లింగానికి గుర్తుంది. ఎన్నడూ మరచిపోలేదు. కాకపోతే ఆయన లెక్కలో అది మంచి పని. తెల్లారి వచ్చి బోరు నీళ్లతో కడిగేశాడు. కారు ముందటి కంటే చల్లగా నడిచింది. "సూసినవా, నీ కొడుకు పైపులు మార్చాల్నన్నడు" అని సోమమ్మతో అన్నాడు. ఆమె చీర చూపించి "నా చీర పోయింది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆయన దాచుకున్న వాటిలో ఒకటి. ఇప్పుడది కూడా పోయింది.

"నీకెరుకనా?" అన్నాడు. రెండేళ్లలో కొడుకును సూటిగా అడిగిన మొదటి మాట అది.

"ఎరుక."

"ఎప్పటిసంది?"

"అమ్మ మర్నాడే ఫోన్ చేసింది. 'మీ నాయిన గిట్ల చేసిండు, నువ్వొకసారి వచ్చి సూసిపో' అన్నది. ఆదివారం వస్తనన్న. షెడ్డుల పనుండె, రాలే. తర్వాతి ఆదివారం వస్తనన్న. గప్పుడు గూడ రాలే." జైపాల్ తండ్రికి ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "అందుకే నువ్వు నన్ను అంటే పడ్డ నాయినా. నేను వచ్చి ఉంటే ఆమె బతుకుతుండె."

అది ఆ క్షణంలో లింగానికి దొరికిన సందు. ఆయన దాన్ని వదల్లేదు.

"అయితే నీ తప్పు గూడ ఉన్నది," అన్నాడు. "రెండు ఆదివారాలు."

నర్సింహమ్మ చేతిలోని చెంబు నేల మీద పెట్టింది. "సిగ్గు లేదారా లింగా?" అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ ఎన్నడూ వినలేదు. "పెండ్లాన్ని తిన్నది సాలలేదా? కొడుకును గూడ తింటవా?"

"నేను చెప్పేది ఇంకొకటుంది," అంది తనుశ్రీ. "జిన్నారం దాటినంక కారాగింది గద మామా. ముందుగాల ఎవలికి ఫోన్ చేసినవ్? నూటెనిమిదికి చేసినవా? లేదు. నీ కొడుక్కు చేసినవ్. తిట్టెతందుకు చేసినవ్. పదకొండు నిమిషాలు తిట్టినవ్. ఆ రికార్డింగు ఇంకా ఈయన ఫోన్ల ఉన్నది, తీసెయ్యమంటే తీసెయ్యడు. 'నాయినా, ముందు నూటెనిమిదికి చెయ్యి, నీకు దండం పెడ్త' అని ఈయన మొత్తుకుంటనే ఉన్నడు. నేను పక్కనే ఉన్న. ఎనకంగ అత్తమ్మ మూలుగుడు నాగ్గూడ ఇనొచ్చింది. నీకు ఇనరాలే."

"బస్ తనూ," అన్నాడు జైపాల్. "ఇగ బస్."

ఐలన్న పానాలు సంచీలో సర్దుతున్నాడు. చప్పుడు రాకుండా సర్దుతున్నాడు. "రేపొస్త లింగన్నా," అన్నాడు ఎటో చూస్తూ. "ఏమన్నగానీ, ఈ కారుకు ఇప్పుడు కొత్త పైపులు దొరకయ్. బందైనయ్."

జైపాల్ కారు వెనక్కి నడిచాడు. డిక్కీ తెరిచాడు. స్టెప్నీ పక్క నుంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు. అందులో రెండు కొత్త ఇనుప పైపులు. నూనె రాసి, పేపరు చుట్టి ఉన్నాయి. పేపరు మీద పెన్నుతో రాసి ఉంది: 'నాయిన కారు. హీటరు పైపులు.'

"ఉగాదప్పుడే తెచ్చిన," అన్నాడు. "నువ్వు వద్దంటే అండ్లనే పెట్టిపోయిన. ఎప్పుడన్న మనసొస్తే ఏపిస్తవని."

ఆ మధ్యాహ్నం సోమమ్మ వెనక సీట్లో పడుకుని ఉన్నప్పుడు, ఈ పైపులు ఆమె తల వెనక, ఒక రేకు అవతల ఉన్నాయి. రెండేళ్లు టార్పాలిన్ ఎత్తి అందరికీ చూపిస్తున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాయి. ఆ ఉగాది నుంచి లింగం డిక్కీ తెరవలేదు.

ఆయన కవరు అందుకున్నాడు. పైపు బయటికి తీసి, ఒక కన్ను మూసి, రంధ్రంలోంచి ఇటు చివర నుంచి అటు చూశాడు. నున్నగా ఉంది. అటు పక్క నుంచి వెలుగు వచ్చింది.

"పానా తే," అన్నాడు.

ఎవరితో అన్నాడో మొదట ఎవరికీ అర్థం కాలేదు.

"జైపాలూ. పానా తే. లైటు తే."

ఐలన్న వెళ్లిపోయాడు. తండ్రీ కొడుకులు ఇంజను మీదికి వంగారు. విరిగిన ముక్క ఇంజను రంధ్రంలో బిగుసుకుపోయి ఉంది.

"డ్రిల్లు పెడ్దామా నాయినా?"

"డ్రిల్లు పెడ్తే పొట్టు లోపల పడ్తది. రంధ్రంల బట్ట కుక్కు. హాక్సా బ్లేడు ముక్క ఇయ్యి."

లింగం బ్లేడు ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని, ఇరుక్కున్న ముక్కను లోపలి నుంచి కొద్ది కొద్దిగా కోశాడు. రంధ్రం అంచుకు గీత పడకుండా కోశాడు. గంట పట్టింది. కోసిన చోట మడిచి ప్లయరుతో లాగితే అది ముడుచుకుని బయటికి వచ్చింది. గరుకు కాగితంతో రంధ్రం రుద్దాడు. నీళ్లు కారకుండా అతికే మసాలా పూసి, కొత్త పైపును నిలబెట్టి, మీద కర్రముక్క ఉంచి సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లు చేసిన పని. మూడు దెబ్బలు సూటిగా పడ్డాయి. నాలుగో దెబ్బ కర్ర మీద పడలేదు. వేలి మీద పడింది.

ఆయన సుత్తి పట్టిన చేతిని తుడుచుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ గురి తప్పింది.

జైపాల్ కర్రముక్కను తన చేత్తో పట్టుకున్నాడు, తండ్రి చేతి పక్కన.

"లైటు జెర దించు," అన్నాడు లింగం. "కండ్లల్ల పడుతున్నది."

లైటు ఆయన కళ్లలో పడటం లేదు. జైపాల్ దించాడు. పైపు పూర్తిగా కూర్చునేదాకా తల ఎత్తి తండ్రి ముఖం వైపు చూడలేదు.

మంగళవారం పొద్దున మానిఫోల్డు బిగించారు. జైపాల్ పచ్చటి కూలెంటు డబ్బా విప్పి పోశాడు. లింగం గరాటు పట్టుకున్నాడు. అదే గరాటు. జైపాల్ తెచ్చిన కొత్త బ్యాటరీతో ఇంజను రెండో తిప్పుకే అందుకుంది. అరగంట నడిపించి వెనక వేలు పెట్టి చూశారు. ఎక్కడా తడి లేదు.

"ఇండ్ల బోరు నీళ్లు పొయ్యకు నాయినా. తగ్గితే ఈ పచ్చదే పొయ్యి."

"సరే," అన్నాడు లింగం. జైపాల్ ఇంకో మాట కోసం కాసేపు ఎదురుచూశాడు. తర్వాత చేతులు కడుక్కున్నాడు.

బుధవారం పెత్రమాస. అయ్యవారు పదింటికి వచ్చాడు. వాడకట్టు వాళ్లు కూడా బియ్యం ఇవ్వడానికి అక్కడికే వచ్చి కూర్చున్నారు. ఐలన్న గోడ వారన నిలబడ్డాడు; సోమవారం చూసింది ఈసారి ఎవరికీ చెప్పలేదు. నర్సింహమ్మ పళ్లెంలో బియ్యం, పప్పు, గుమ్మడి ముక్క, చింతపండు, బెల్లం సర్ది తెచ్చింది. పళ్లెం ఎవరికి ఇస్తుందో అని అందరూ చూశారు. ఆమె తమ్ముడికి ఇచ్చింది.

లింగం పళ్లెం పట్టుకుని నాలుగడుగులు నడిచాడు. గేటు లోపలే, తులసి గద్దె పక్కన జైపాల్ నిలబడి ఉన్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. లింగం పళ్లెం వాడి చేతుల్లో పెట్టాడు.

"కూసో," అన్నాడు.

జైపాల్ పీట మీద కూర్చున్నాడు. అయ్యవారు తల్లి పేరు అడిగాడు. "సోమమ్మ," అన్నాడు. రెండేళ్లలో ఆ పేరు ఆ వాకిట్లో వాడి నోట రావడం అదే మొదటిసారి. పక్కింటి కొమురయ్య ఆగలేకపోయాడు. చెడ్డవాడు కాదు. అడగకుండా ఉండలేనివాడు.

"ఏంది లింగన్నా, ఇయ్యాల కొడుకు కూసున్నడు? వాడే చంపిండంటివి గద, శ్మశానంల?"

అయ్యవారి మంత్రం ఆగింది. జైపాల్ చెయ్యి బియ్యంలో ఆగింది. వాడు తల ఎత్తి తండ్రి వైపు చూశాడు. ఐలన్న చూశాడు. తనుశ్రీ చూసింది. వాడికి ఈ పళ్లెం కంటే ఆ ఒక్క మాటే కావాలని లింగానికి తెలుసు. ఎవరి ముందు ఆ నింద వేశాడో వాళ్లే ఎదురుగా ఉన్నారు. ఇంతకన్న మంచి సమయం మళ్లీ రాదు. వాడు కాదు, నేను. అంతే. మాట గొంతు దాకా వచ్చింది.

గొంతు దాటి రాలేదు.

"కారు పైపు పాతదైంది," అన్నాడు లింగం.

జైపాల్ తల వంచుకున్నాడు. బియ్యం మీద రెండు చుక్కలు పడ్డాయి. అయ్యవారు మంత్రం మళ్లీ అందుకున్నాడు. జైపాల్ ఆయన చెప్పినట్టల్లా చేశాడు. చివర తల్లి పేరు మీద నీళ్లు వదిలి, లేచి, తండ్రి కాళ్లకు మొక్కాడు. లింగం వాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. తీయడం చేతగానట్టు ఉంది.

వాడకట్టు వాళ్లు పోయాక నర్సింహమ్మ పళ్లేలు ఎత్తుతూ ఆగింది. "ఒక్క మాట అంటే నీ నోరు పడిపోతుండెనారా? పోరడు ఎట్ల సూసిండో సూసినవా?"

"సూసిన."

"మరి?"

లింగం కారు తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు. టార్పాలిన్ మడత పెట్టి కొట్టంలోకి విసిరేశాడు. తర్వాత ముగ్గురి వైపూ తిరిగాడు.

"ఆమెను ఎవలు చంపిన్రో నాకెరుక. మీకెరుక. ఇగ ఆ ముచ్చట నా ఇంట్ల ఎవ్వలు ఎత్తొద్దు. సచ్చేదాక నేను గూడ ఎత్తను."